తోడు మన్ను

దానికి ఆ పేరు పెట్టింది నేను. ఇంకెవరి మీదికీ నెట్టడానికి లేదు. ప్రయోగశాల పుస్తకంలో దానికి ఒక అక్షరం, మూడంకెలు ఉండేవి. నోరు మూసుకుని ఆ అంకెలతోనే వదిలేయాల్సింది. రైతులకు ఒక్క మాటలో అర్థం కావాలని ఆరాటపడి, పాలల్లో వేసే తోడు లాంటిదే కదా అని "తోడు" అన్నాను. ఎంత చక్కటి పేరో అని అందరూ మెచ్చుకున్నారు. నేనూ మురిసిపోయాను, సిగ్గులేకుండా.

నా పేరు సుంకమ్మ. పేరు ముందు డాక్టరు అని ఉంటుంది గానీ జ్వరానికి మాత్ర కూడా ఇవ్వలేను. నా చదువంతా మట్టి చదువు. అనంతపురం అవతల గొర్రెలవంక మా ఊరు. నన్ను కన్న మూడో నెలలో అమ్మ పోతే, పన్నెండేళ్ల మా అక్క హనుమక్క నన్ను చంకనేసుకుని పెంచింది. ఆమె బడి మానేసింది, నేను చదివాను. ఈ భూమ్మీద నాకంటూ ఉన్న మనిషి ఆమె ఒక్కతే. ఇదంతా చదివాక నన్ను ఎన్ని తిట్టినా సరే, ఈ ఒక్కటి మటుకు గుర్తుంచుకోండి.

అక్కకూ, బావ మారెప్పకూ వంక గట్టున నాలుగెకరాల చేను. ఎర్ర గరుసు. పైమన్ను ఎప్పుడో గాలికీ వానకీ కొట్టుకుపోయి రాళ్లు తేలిన నేల. విత్తనం వేస్తే వేసినంత తిరిగొస్తే అదే గొప్ప. బెంగళూరు ఇళ్లల్లోంచి వచ్చే తడిచెత్తను ఎరువు చేసి ఇలాంటి చేన్లకు తోలాలని ఎన్నో ఏళ్లుగా అంటున్నదే. తోలారు కూడా. చిక్కంతా మా ఎండతోనే. ఒక్క వేసవిలో ఆ ఎరువులో సత్తువ సగం గాలిలో కలిసిపోతుంది, మిగిలింది సుడిగాలి ఎత్తుకుపోతుంది. దాన్ని పట్టి ఉంచేది ఏదో ఒకటి కావాలి.

అది నాకు రెండు చోట్ల దొరికింది. మా వంకలో బండల మీద నల్లగా పట్టే పొర ఒకటుంది. తెల్లవారుజాము మంచును తాగి పొద్దెక్కినా ఆరకుండా ఉంటుంది. బెంగళూరు చెత్తకుప్పల్లో అట్టపెట్టెలను తినే తెల్ల బూజు రెండోది. ఆ రెండింటినీ కలిపి కాపురం చేయించడానికి నాకూ షమీమ్‌కూ ఆరేళ్లు పట్టింది. షమీమ్ ప్రయోగశాలలో నా దగ్గర పనిచేసే అమ్మాయి. మెత్తగా మాట్లాడుతుంది, ఒక్క అంకె కూడా వదిలిపెట్టదు. ఆ జంటను పిడికెడు తీసి ఎరువు కుప్ప మీద చల్లితే మూడు వారాల్లో కుప్పంతా అల్లుకుంటుంది. ఆ కుప్పను చేలో కలిపితే మట్టిని దారాలతో కుట్టినట్టు పట్టుకుంటుంది, పడిన చినుకును పడినట్టే దాచుకుంటుంది. ఏటేటా ఎకరాకు నాలుగు లారీల ఎరువు దానికి మేతగా పడాలి. అంతే దాని కోరిక.

మేత పడకపోతే ఏమవుతుందో కూడా చూశాం. పన్నెండు కుండీల్లో మట్టి పోసి, తోడు వేసి, మేత ఆపేశాం. అది బూడిదరంగుకు తిరిగి ఎండిపోయింది. ఆరు నెలల తర్వాత ఎరువు వేస్తే మళ్లీ లేచింది. "మేత లేకపోతే నిద్రపోతుంది" అని రిపోర్టులో రాశాను.

షమీమ్ ఆ వాక్యం దగ్గర ఆగింది. "మేడం, ఇవన్నీ ఖాళీ మట్టి కుండీలు. మొక్కలున్న కుండీల్లో కూడా మేత ఆపి చూద్దామా?"

"దానికి ఇంకో ఏడాది కావాలి షమీమ్. వానలు వచ్చేస్తున్నాయి. నిద్రపోయేది నిద్రపోతుంది, మొక్క ఉంటే ఏంటి, లేకపోతే ఏంటి?"

"సరే మేడం" అని ఆమె పుస్తకం మూసేసింది. నేను పెద్దదాన్ని, తొందరలో ఉన్నదాన్ని. ఆమె గట్టిగా అడగలేదు, నేను మెల్లగా వినలేదు.

ఊళ్లో ఎవరూ చేను ఇవ్వనన్నారు. పట్నం చెత్త తెచ్చి మా నేలలో పోస్తావా అని మొహం మీదే అన్నారు. అక్క మాత్రం రెండో మాట అడగలేదు. "మా పాప చెప్తాంది గదా" అంది. నాకు నలభై నిండినా ఆమెకు పాపనే.

లారీలు వచ్చిన రోజు ఇప్పటికీ కళ్ల ముందుంది. ఎరువు నల్లగా, పొడిపొడిగా, కాస్త కాఫీ వాసనతో ఉంది. అక్క, బావ కూర్చుని జల్లెడ పట్టారు. షాంపూ పొట్లాలు, గాజు ముక్కలు, సీసా మూతలు, ఒక బొమ్మ చెయ్యి బయటపడ్డాయి.

"ఏమ్మా సుంకమ్మా" అన్నాడు బావ ఆ బొమ్మ చెయ్యి పట్టుకుని. "బెంగుళూరోళ్లు నాతో చెయ్యి కలిపినారు సూడు."

ఆయన అలాంటివాడే. నలుగురు లేకపోతే పొద్దుపోదు. ఒంటరిగా చేనుకు కూడా పోయేవాడు కాదు, అక్క వెంట రావాల్సిందే.

నేను ఇద్దరినీ కూర్చోబెట్టి పద్ధతులు చెప్పాను. ఇది ప్రయోగం. దీన్ని ఈ నాలుగెకరాల్లోనే ఉంచాలి. చుట్టూ కందకం తీశాం కాబట్టి దాటదు. "ఎరువు ఎవరికీ ఇవ్వద్దు" అని రెండుసార్లు చెప్పి కాగితం మీద సంతకాలు పెట్టించుకున్నాను. అక్క తల ఊపింది. ఆమె ఒప్పుకుంటే ఒప్పుకున్నట్టే.

ఆ ఏడు వానలు ఎప్పటిలాగే మొండికేశాయి. చుట్టుపక్కల చేలన్నీ వాడిపోయాయి. అక్క చేలో వేరుశెనగ చెట్టు మోకాటి దాకా లేచింది. పీకితే వేళ్ల నిండా కాయలు, వేళ్లకు అంటుకుని తడిమన్ను. జనం వంక దాటి వచ్చి ఆ మన్ను పిడికిట్లో పిసికి చూసుకుని పోయారు. బావ గట్టున నిలబడి వచ్చినవాళ్లందరికీ తానే కనిపెట్టినట్టు చెప్పేవాడు. నేను ఆ ఫోటోలు నాలుగు దేశాల సభల్లో చూపించాను. నా కాళ్లు నేల మీద లేవు ఆ రోజుల్లో.

మరుసటి ఎండాకాలం ఇంటికి పోయాను. వసారాలో గోడ వారగా అయిదారు స్టీలు గ్లాసులు, పైన కాగితం కట్టి పెట్టి ఉన్నాయి. ఎవరికో మజ్జిగ కాబోలనుకుని ఒకటి విప్పి చూశాను. నల్లటి మన్ను. తెల్లటి దారాలు.

"అక్కా, ఏమిది?"

"తోడు" అంది ఆమె చేటతో చెరుగుతూనే. "బండమీదపల్లి నాగులమ్మ అడిగింది. మన చిన్నత్త కోడలు అడిగింది. పోతా పోతా తీసకపోతారని కట్టిపెట్టినా."

"ఎవరికీ ఇవ్వద్దంటినే!"

అక్క చేట దించి నన్ను వింతగా చూసింది. "ఎరువు ఇయ్యద్దంటివి. ఒగ గంపెడు గూడ ఇయ్యలేదు. తోడు ఇయ్యద్దని యాడ చెప్తివి? అయినా గడప ముందర నిలబడి తోడు అడిగితే లేదంటారా ఎవురన్నా? లేదంటే మన ఇంట్లో పాలు ఇరిగిపోవా?"

నాకు ఒళ్లు మండింది. కానీ ఇప్పుడు నిజం చెప్పుకోవాలి కదా, ఆ మంట కింద ఒక చిన్న గర్వం కూడా ఉంది. అనుమతులు, సభలు, సంతకాలు లేకుండా నా తోడు గ్లాసుల్లో ఊళ్లు తిరుగుతోంది. మేత లేకపోతే నిద్రపోతుంది, అంతే కదా అనుకున్నాను. ఇకమీదట ఇవ్వద్దని గట్టిగా చెప్పి, ఇచ్చినవాటి సంగతి ఎత్తకుండా వచ్చేశాను.

ఆ శ్రావణంలో బావ చేలో కలుపు తీస్తూ తీస్తూ కూలబడ్డాడు. అక్క వెంట ఉంది. చెంబుతో నీళ్లు ఎత్తేలోపలే అయిపోయింది. మాలో కాల్చరు, పూడుస్తారు. చేను చివర, కందకం అవతల, వంక గట్టు మీద పూడ్చారు. కింద బండ తగిలి గుంత రెండడుగులే దిగింది. నేను మూడు రోజులుండి, ప్రయోగశాలలో పని ఉందని వెళ్లిపోయాను. పని నిజంగానే ఉంది. ఎప్పుడూ ఉండేది.

ఆ తర్వాత ఏడాదిన్నరకు, కంది కోతల ముందు, బండమీదపల్లి నుంచి నాగులమ్మ ఫోన్ చేసింది. ముప్ఫయ్యేళ్ల మనిషి, అక్కకు దూరపు చుట్టం. "సుంకమ్మత్తా, మా కందిచెట్లు నిలబడుకున్నట్టే పడిపోతాండాయి. ఒగసారి వచ్చి సూడల్ల నువ్వు."

నేనూ షమీమ్ వెళ్లాం. పచ్చటి కందిచెట్లు, కాయ మీద ఉన్నవి, వరుసగా ఒక పక్కకు ఒరిగి ఉన్నాయి. ఒకదాన్ని పట్టుకున్నాను. లాగనక్కర్లేకుండానే చేతికొచ్చింది. కింద వేరు లేదు. వేరు ఉండాల్సిన చోట తెల్లటి దారాల చుట్ట ఉంది.

షమీమ్ నా మొహంలోకి చూడలేదు. మోకాళ్ల మీద కూర్చుని మట్టిని తీసి సీసాలో వేసుకుంటూ, "నిద్రపోలేదు మేడం" అంది. "కుండీల్లో తినడానికేమీ లేక నిద్రపోయింది. ఇక్కడ వేళ్లున్నాయి."

నాగులమ్మ మొదటి ఏడు మేకల పెంట వేసింది. రెండో ఏడు దొరికిన ఆకూ అలమూ వేసింది. ఎకరాకు నాలుగు లారీలు ఆమె యాడ నుంచి తెస్తుంది? చేను చివరికి తీసుకుపోయింది మమ్మల్ని. అక్కడ తినడానికి ఏమీ మిగలని చోట నేల నున్నగా, పెంకులా బిగుసుకుపోయి ఉంది. షమీమ్ సీసాలో నీళ్లు పోసింది. నీళ్లు ఇంకలేదు. పళ్లెంలో నిలబడినట్టు నిలబడి, ఎండకు ఆవిరైపోయాయి.

"ఇంగ ఈడ పండదా అత్తా?" అని అడిగింది నాగులమ్మ.

ప్రయోగశాలకు తిరిగొచ్చి మొక్కలున్న కుండీల్లో మేత ఆపి చూశాం. మూడేళ్ల కిందట చేయాల్సిన పరీక్ష. ఏడాది కూడా పట్టలేదు, రెండు నెలల్లోనే తేలింది. ఫలితం మీకు చెప్పనక్కర్లేదు. దానికి మందు ఒక్కటే తేలింది. పచ్చిసున్నం మందంగా పరిచి, నీళ్లు పోయాలి. ఆ వేడికీ ఆ క్షారానికీ రెండడుగుల లోతు దాకా అది చస్తుంది. దానితో పాటు మట్టిలో ఉన్న ప్రతి ప్రాణీ చస్తుంది. మళ్లీ గడ్డి మొలవడానికి అయిదేళ్లో, ఎనిమిదేళ్లో.

"అన్నింటికీ మేతే వేద్దాం" అన్నాను షమీమ్‌తో, పిచ్చిదానిలా. ఆమె కాగితం మీద లెక్క వేసి చూపించింది. ఇచ్చిన చేలు పదే అనుకున్నా ఏటేటా వందల లారీలు, ఒక్క ఏడు కూడా తప్పకుండా, ఎప్పటికీ తోలాలి. వానలకు ముందే అన్నిచోట్లా సున్నం పడాలి. ఒక్కచోట మిగిలినా వంక నీళ్లతో కిందికి పోతుంది. కింద చెరువు, చెరువు కింద ఆరు ఊళ్ల మాగాణి.

అందుకే చైత్రంలో అక్క ముందు కూర్చున్నాను, కాగితం, పెన్ను పట్టుకుని. అంతా చెప్పాను. ఆమె మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. అయిపోయాక మెల్లగా అంది.

"మందని చెప్పింటే ఎవురికీ ఇయ్యకపోదును పాపా. మందు యాడన్నా చేబదులిస్తారా? తోడంటివి."

తల దించుకున్నాను. ఆమె వేళ్లు మడుస్తూ చెప్పడం మొదలుపెట్టింది. ఏ ఊరు, ఎవరి కోడలు, ఏ పండగ ముందు, ఏ గ్లాసులో ఇచ్చిందో కూడా గుర్తుంది ఆమెకు. పదహారు చోట్లు.

"ముందు నాది పోయ్యి సున్నం" అంది. "నాది పోయకుండా వాళ్ల గడపలు యా మొగం పెట్టుకొని ఎక్కేది?"

మూడేళ్ల ప్రయోగం అయిపోయి ఆ చేనుకూ లారీలు ఆగిపోయాయి కాబట్టి దాని వంతూ ఎలాగూ వచ్చేది. అయినా నేను అడగకముందే ఆమె అనడం నాకు ఎక్కడో తగిలింది. రెండు రోజుల్లో ఆ నాలుగెకరాలు తెల్లబడ్డాయి. అక్క గట్టు మీద కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది, ఏడవలేదు.

ఆ తర్వాత పదహారు గడపలూ ఇద్దరం కలిసి ఎక్కాం. ప్రతిచోటా మాట్లాడింది అక్కే. "తప్పు నాది తల్లీ, తెలీక ఇస్తి" అని వాళ్ల చేతులు పట్టుకునేది. నాది అని నేను అనబోతే మోచేత్తో పొడిచేది. ఒకచోట ఒక ముసలామె దుమ్మెత్తి మా మీద పోసింది. ఇంకోచోట మగవాళ్లు సున్నం ట్రాక్టరుకు అడ్డంగా పడుకున్నారు, సాయంత్రానికి వాళ్లే లేచారు. నాగులమ్మ ఏమీ అనకుండా మాకు తాగడానికి నీళ్లు తెచ్చిచ్చింది. దుమ్ము పోసిన ఆమెకన్నా నాగులమ్మ దగ్గరే నాకు తల కొట్టేసినట్టయింది.

వైశాఖం చివరికి పదహారూ అయ్యాయి. ఆకాశం ఉత్తరాన నల్లబడుతోంది. చివరిసారి అంతా చూసుకుందామని నేనూ షమీమ్ గొర్రెలవంక వచ్చాం. పొద్దున్నే ఆమె చేలో మట్టి నమూనాలు తీస్తుంటే, నేను కందకం దాటి వంక గట్టు మీదికి నడిచాను. బావను ఒకసారి చూసి పోదామని.

గట్టంతా ఎండి, గడ్డి పరక లేకుండా ఉంది. బావను పూడ్చిన చోటు మాత్రం పచ్చగా ఉంది.

ఒక మనిషి పొడవు, ఒక మనిషి వెడల్పు. అంత మేరా గరిక, దాని మధ్య తెల్లటి తుమ్మిపూలు. వంగి గరికను పీకాను. గట్టిగా పట్టుకుని ఉంది. వేళ్లన్నీ నిండుగా ఉన్నాయి, వేళ్ల మధ్య తెల్లటి దారాలున్నాయి. వేళ్ల జోలికి పోలేదు అది. దానికి ఆకలిగా లేదు. లారీ ఎరగని ఆ గట్టు మీద, రెండేళ్లుగా దానికి మేత ఎక్కడిది?

అక్కడే చతికిలబడ్డాను.

వెనక అడుగుల చప్పుడయ్యింది. అక్క, చేతిలో నీళ్ల చెంబు. నన్ను చూసి ఆగింది. నా చేతిలో గరికను చూసింది.

"అక్కా, ఈడ గూడ పెట్టినావా?"

"పెట్టినా."

"పదహారే అంటివి గదా."

"ఎవురికిచ్చినావు అని అడిగితివి. ఇచ్చినోళ్లను చెప్తి. ఇది ఒగరికిచ్చిందా? ఆయప్ప కోసరం పెట్టుకున్న్యా." చెంబు కింద పెట్టి నా పక్కన కూర్చుంది. "ఒగడే పండుకున్న మనిషి కాదు మీ బావ. పూడ్చి వచ్చిన మూడోనాడు దోసెడు తెచ్చి చల్లితి. తోడుంటాదిలే అని."

అది ఆయనకు తోడుగా లేదని ఆమెకు ఎలా చెప్పాలి? "అక్కా, ఇది పచ్చగా ఎందుకుందంటే..." అని మొదలుపెట్టి ఆగిపోయాను.

"తెలుసు పాపా" అంది. "నాగులమ్మ చేను సూసిన నాడే తెలిసింది. మేత లేని చోట అది పచ్చగుండదని నువ్వే గదా చెప్పింది. ఆ పొద్దు నుంచి రోజూ వచ్చి సూస్తాండా. ఎన్నాళ్లొస్తాడు ఆయప్ప దానికి?"

నేను చెప్పాను. చెప్పకుండా ఉంటే బాగుండేది, కానీ ఆమెకు నేనెప్పుడూ అబద్ధం చెప్పలేదు. బొమికలు ఈ వానల దాకా వస్తాయి. ఆ తర్వాత దానికి ఆకలేస్తుంది. పక్కనే వంక.

"సున్నం పోస్తే?"

"కాలుతాది."

"మనలో కాల్చరు."

"తెలుసు అక్కా."

ఆమె గరికను అరచేత్తో నిమిరింది. తుమ్మిపువ్వు ఒకటి తెంపి, ఎందుకు తెంపానా అన్నట్టు చూసుకుని, మళ్లీ అక్కడే పెట్టింది. "నాలుగెకరాలు అడిగితివి, ఇస్తి" అంది చివరికి. "పదహారు గడపలు నీ ఎంట ఎక్కితి. తప్పు నాదని చెప్తి. ఇదొగటి ఇడిసిపెట్టు. ఈ ఒగటీ."

ఒక్క క్షణం నేను ఒప్పుకున్నాను, లోపల. షమీమ్‌కు పదహారే అని చెప్పొచ్చు. రోజూ ఎవరో ఒకరు వచ్చి బుట్టెడు పెంట వేస్తే ఇంకో ఏడు గడుస్తుంది, ఇంకో ఏడు. అక్క బతికినంత కాలం గడిచిపోతుంది. ఆ తర్వాత? ఒక్క పెద్ద వాన చాలు గట్టు తెగడానికి. ఇన్నాళ్లూ ఇలా తొందరపడి లెక్కలేసే కదా ఇంతదాకా తెచ్చాను.

"ఇడిసిపెట్టలేను అక్కా" అన్నాను.

ఆమె నా వైపు చూసింది. కోపంగా కాదు. నన్ను ఎక్కడో చూసినట్టుంది, గుర్తు రావట్లేదు అన్నట్టు. చెంబు అక్కడే వదిలేసి ఇంటి వైపు నడిచింది.

గంట తర్వాత గంపెడు సున్నం నెత్తిన పెట్టుకుని వచ్చింది. ఇంటి ముందు ట్రాక్టరులో మిగిలిన సున్నం. షమీమ్ పరిగెత్తి అందుకోబోతే, "నువ్వు తాకద్దు తల్లీ, ఇది మా ఇంటి పని" అంది. నన్ను అసలు పిలవలేదు. తనే గరిక మీద పరిచింది, తల వైపు నుంచి కాళ్ల వైపుకు, పిండి చల్లినట్టు సమంగా. మూడు గంపలు మోసింది. తర్వాత కడవతో నీళ్లు తెచ్చి పోసింది.

సున్నం బుసకొట్టింది. తెల్లటి ఆవిరి లేచి ఆమె మొహాన్ని కప్పేసింది. గరిక నల్లబడి ముడుచుకుపోయింది. నేను దగ్గరికి వెళ్లబోతే, "నువ్వు దూరంగుండు" అంది. వేడి తగులుతుందని అంటోంది అనుకున్నాను.

ఆవిరి ఆరగానే అక్క ఇంటికి పోయింది. నేనూ షమీమ్ అక్కడే ఉండి లోతులో వేడి ఎంతుందో కొలిచాం, నమూనాలు తీశాం. అంతా చచ్చింది. పుస్తకంలో పదిహేడు అని రాసి షమీమ్ సంతకం చేసింది, నేనూ చేశాను.

మధ్యాహ్నం ఇంటికి పోయేసరికి నా సంచీ గడప బయట ఉంది. పొద్దున ఆరేసిన నా చీర మడిచి అందులో పెట్టి ఉంది, గూట్లో ఉండే నా దువ్వెన కూడా. నా చెప్పులు దాని పక్కన, వీధి వైపుకు తిప్పి ఉన్నాయి. సున్నం కోసం ఇంటికి వచ్చిన ఆ గంటలోనే సర్దిందో, ఇప్పుడు వచ్చి సర్దిందో నాకు తెలియదు.

తలుపు దగ్గరికి వేసి ఉంది. లోపల ఆమె నీళ్లు పోసుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. గడియ పెట్టినట్టు లేదు. తోయడానికి నాకు చెయ్యి రాలేదు.